గోడకు కొట్టిన అల్లిక వైరు, అందని ఎర్తు: పాత ఇళ్లవారు తెలుసుకోవలసినవి

మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఇళ్లు చాలావరకు ఒకేసారి కట్టినవి కావు. షోలాపూర్, భివండీలలో మగ్గాల షెడ్డు పక్కన ఒక గది, దాని మీద ఇంకో గది. బరంపురం, యానాంలలో పెంకుటింటి వెనక ఒక కాంక్రీటు గది. హోసూరు, కోలారు వైపు రాతిగోడల ఇంటి ముందు ఒక చిన్న దుకాణం. గది చేరినప్పుడల్లా కరెంటూ చేరింది. అయితే చాలా ఇళ్లలో అది మెయిన్ బోర్డు నుంచి పైపు వేసి తెచ్చిన కరెంటు కాదు. పక్కగది ప్లగ్గు నుంచి ఒక ఫ్లెక్సిబుల్ వైరు లాగి, కిటికీ సందులోంచి దూర్చి, గోడకు మేకులు కొట్టి నడిపినది. అన్నదమ్ముల పంపకాలు జరిగిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. గోడలు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, మీటరు మాత్రం ఒక్కటే మిగిలింది.

అలా లాగిన వైరులో సాధారణంగా రెండు తీగలే ఉంటాయి. ఆ గదిలో దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, మిక్సీ నడుస్తుంది. ఎర్తు మాత్రం ఉండదు. ఎర్తు లేదన్న సంగతి రోజూ కనిపించదు. తెలిసే రోజున చేతికే తెలుస్తుంది.

"పైన అల్లిక ఉంది కదండీ, గట్టి వైరే కదా" అని మన సంఘం సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు ముందే చెప్పేస్తాము. అల్లిక వైరుకు బలమూ, మెత్తదనమూ ఇస్తుంది, ఎర్తు ఇవ్వదు. ఎర్తు కావాలంటే దానికంటూ ఒక రాగి తీగ, వస్తువు ఒంటి నుంచి ఎర్తింగ్ గుంత దాకా ఎక్కడా తెగకుండా వెళ్లాలి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

అల్లికలు మూడు రకాలు

మొదటిది నూలు అల్లిక. ఇస్త్రీపెట్టె వైరు ఇదే. లోపల రబ్బరు తొడుగు ఉన్న మూడు తీగలు, పైన నూలు అల్లిక. వేడి ఇస్త్రీపెట్టె తగిలినా ప్లాస్టిక్‌లా కరిగిపోకూడదని, బల్ల అంచున రాపిడికి తట్టుకోవాలని ఈ అల్లిక. పూర్వం బల్బు వేలాడదీసే మెలి వైర్లకు, ఇంటి వైరింగుకు వాడిన రబ్బరు కేబుళ్లకు కూడా నూలు తొడుగే ఉండేది. నూలులో కరెంటు పారదు కనుక దానికి ఎర్తుతో సంబంధం లేదు. పైగా నూలు తడి పీలుస్తుంది. నేత ఇళ్లవారికి ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. వానాకాలంలో చెమ్మగోడకు ఆనించిన నూలు వైరు ఆ చెమ్మనంతా తాగుతుంది. కింద రబ్బరు పాతబడి పగిలి ఉంటే ఆ తడే కరెంటుకు దారి.

రెండవది లోహపు అల్లిక. యంత్రాలకు వాడే కొన్ని కేబుళ్లలో తీగల చుట్టూ సన్నని ఉక్కు తీగలతోగాని, తగరపు పూత ఉన్న రాగి తీగలతోగాని జల్లెడలా అల్లి, దానిమీద ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. దెబ్బ తగలకుండా కాపాడడానికి కొన్ని, పక్క యంత్రాల విద్యుత్ అలజడి లోపలికి రాకుండా ఆపడానికి కొన్ని. ఈ అల్లికలో కరెంటు పారుతుంది. అందుకే దీన్ని తప్పనిసరిగా ఎర్తుకు కలపాలి. కలపకుండా వదిలేస్తే, లోపల తీగ తొడుగు చిరిగిన రోజున అల్లిక పొడవునా కరెంటు ఉంటుంది.

మూడవది పట్టీలా ఉండే ఉత్త రాగి అల్లిక. ప్యానెల్ బోర్డు తలుపుకూ పెట్టెకూ మధ్య వదులుగా వేలాడుతూ కనిపిస్తుంది. తలుపు తెరిచి మూసినా తెగకుండా ఉండడానికి అల్లికగా చేస్తారు. ఈ మూడింటిలో ఎర్తు తీగగా పనిచేయడానికే తయారైనది ఇదొక్కటే. రెండు కొసలకూ లగ్గులు నొక్కి, రంగు గీకిన లోహం మీద బోల్టుతో బిగించాలి. రంగు మీద బిగిస్తే బిగించనట్టే.

ఫ్లెక్సిబుల్ వైరు ఎక్కడ వాడవచ్చు

కదిలే వస్తువుకు కదిలే వైరు, కదలని గోడకు కదలని వైరింగు. సూత్రం ఇంతే. ఇస్త్రీపెట్టె, మిక్సీ, టేబుల్ ఫ్యాను, సీలింగ్ రోజ్ నుంచి వేలాడే బల్బు, మోటారు దగ్గరి ఆఖరి మూర పొడవు — ఇవి ఫ్లెక్సిబుల్ వైరుకు తగిన చోట్లు. మన జాతీయ విద్యుత్ కోడ్ కూడదన్నవి నాలుగు: స్థిర వైరింగుకు బదులుగా వాడడం, గోడ, కప్పు, నేల, కిటికీ రంధ్రాలలోంచి దూర్చడం, గోడలో పూడ్చి కనిపించకుండా వేయడం, గోడకో కప్పుకో శాశ్వతంగా బిగించడం. మన ఇళ్లలో జరుగుతున్నవి సరిగ్గా ఈ నాలుగే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఇప్పుడు కొట్టులో 90 మీటర్ల చుట్టగా దొరికే ఇంటి వైరు కూడా సన్నని పోగులతో మెత్తగా ఉంటుంది. కొట్టువారు దాన్నీ ఫ్లెక్సిబుల్ అనే అంటారు. అది వాడవచ్చు. ఐ.ఎస్. 694 ముద్ర ఉన్న ఒంటి తీగ పి.వి.సి. వైరును పైపులో వేసి, కొసలకు లగ్గు నొక్కి స్విచ్ బోర్డులో బిగిస్తే అది సరైన స్థిర వైరింగే. మేము వద్దంటున్నది రెండు మూడు తీగలు కలిపిన కార్డు వైరును పైపు లేకుండా గోడమీద నడపడాన్ని. పోగులు మెత్తగా ఉండడం తప్పు కాదు. వైరుకు పైపు రక్షణ, ఎర్తు తోడు లేకపోవడం తప్పు.

వైరు సైజు, ఎం.సి.బి. సైజు

పాత కొట్లలో ఇప్పటికీ "23/76 ఇవ్వు", "40/76 ఇవ్వు" అని అడుగుతారు. మొదటి అంకె పోగుల సంఖ్య. 76 అంటే ఒక్కో పోగు మందం అంగుళంలో 0.0076 వంతు, సుమారు 0.19 మి.మీ. లెక్క వేస్తే 23/76 వైరులో రాగి 0.67 చదరపు మి.మీ., 40/76లో సుమారు 1.17 చదరపు మి.మీ. ఉంటుంది. కొట్టులో "రెండున్నర ఎంఎం" అనే వైరు 2.5 చదరపు మి.మీ.ది, అంటే 23/76కు దాదాపు నాలుగింతలు.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 23/76 వైరు దానికి చాలదు, వేడెక్కుతుంది. అప్పుడు ఎం.సి.బి. పడిపోదా అని అడుగుతారు. పడదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. గోడలోని లావు వైరుకు కాపలా. దాని చివర మీరు తగిలించిన సన్న వైరు సంగతి దానికి తెలియదు. 8.7 ఆంపియర్లు దాని దృష్టిలో మామూలే. సన్న వైరు మాడి, నూలు అంటుకున్నా అది అలాగే నిలబడి ఉంటుంది.

ఎర్తు ఏం పని చేస్తుంది

గ్రైండరు లోపల ఫేజు తీగ ఊడి లోహపు ఒంటికి తగిలిందనుకోండి. ఎర్తు లేకపోతే ఆ ఒంటి మీద 230 వోల్టులు కాచుకుని ఉంటాయి. తడినేల మీద నిలబడి ముట్టుకున్నవారి ఒంట్లోంచి నేలకు పోతాయి. ఎర్తు ఉంటే కరెంటు ఆ తీగలో పోతుంది.

అయితే ఎర్తు ఉన్నంత మాత్రాన ఎం.సి.బి. పడుతుందనుకోవద్దు. ఈ లెక్క చూడండి. మన ఇంటి ఎర్తింగ్ గుంత, వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి గుంత కలిపి ఆ దారి నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. సి రకం 16 ఆంపియర్ల ఎం.సి.బి. తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 11.5కు అది కదలదు. గ్రైండరు ఒంటి మీద ప్రమాదకరమైన వోల్టేజి అలాగే నిలిచి ఉంటుంది.

అందుకే ఆర్.సి.సి.బి. కావాలి. ఇంట్లోకి వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒక ఆంపియరులో 33వ వంతు, దాటేలోపే ఆపేస్తుంది. ఇళ్లకు కావలసింది ఈ 30 మిల్లీ ఆంపియర్లదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు ఇళ్లకు ఈ పరిమితినే పెట్టాయి. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి.

ఆర్.సి.సి.బి. ఉంది కదా, ఎర్తు ఎందుకు అనకూడదు. ఎర్తు ఉంటే లీకు మొదలైన వెంటనే, ఎవరూ ముట్టుకోకముందే అది పడుతుంది. ఎర్తు లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. దానిమీద ఉండే టెస్టు బటన్ నొక్కితే పడింది కనుక ఎర్తు బాగుందని కూడా అనుకోవద్దు. ఎర్తు లేని ఇంట్లోనూ ఆ బటన్ పనిచేస్తుంది.

మగ్గాల షెడ్లు: లోహపు అల్లికకు ఎర్తు

షోలాపూర్, భివండీలలో మనవారి మరమగ్గాలు చాలాచోట్ల ఇంటిని అంటుకునే ఉంటాయి. మోటారు రోజంతా అదురుతుంది కనుక ఆఖరి ముక్కకు ఫ్లెక్సిబుల్ కేబుల్ వాడడం సబబే. పాత యంత్ర సామాను కొట్లలో తూకానికి దొరికే లోహపు అల్లిక కేబుల్ ముక్కలు ఇక్కడికే వస్తాయి. అవి వాడేటప్పుడు గమనించవలసినవి:

అల్లికను కత్తిరించి టేపు చుట్టి వదలకూడదు. కేబుల్‌కు తగిన లోహపు గ్లాండ్ వేసి, అల్లిక చుట్టూతా గ్లాండ్‌లో నొక్కుకునేలా బిగించాలి. గ్లాండ్ బిగించిన పెట్టెకు ఎర్తు ఉండాలి. ప్లాస్టిక్ పెట్టె అయితే గ్లాండ్‌కు ఎర్తు రింగు వేసి, విడిగా తీగ లాగి ఎర్తు టెర్మినల్‌కు కలపాలి.

అల్లికనే మోటారుకు ఎర్తు తీగగా వాడకూడదు. ఉక్కుకు రాగికన్నా నిరోధం అనేక రెట్లు ఎక్కువ. అదురుకు ఒక్కో పోగు తెగుతూ పోయినా పైన తొడుగు ఉండడం వల్ల కనిపించదు. కేబుల్ లోపలే ఆకుపచ్చ-పసుపు తీగ ఉన్నది ఎంచుకోండి. ఎర్తు తీగ సైజు, ఫేజు తీగ 16 చదరపు మి.మీ. వరకు, ఫేజుతో సమానంగా ఉండాలి: 2.5కు 2.5, 4కు 4.

మెలికల లోహపు ఫ్లెక్సిబుల్ పైపుకూ ఇదే మాట. మెలికల మధ్య తుప్పు, దుమ్ము చేరతాయి. పైపు ఎర్తు కాదు. దాని లోపలో పక్కనో ఎర్తు తీగ వేరుగా పోవాలి.

మార్కెట్లో ఇప్పుడు రంగురంగుల గుడ్డ అల్లికతో అలంకారపు దీపాల వైర్లు కూడా వస్తున్నాయి. వాటిలో చాలావాటికి రెండు తీగలే. ఇత్తడి, ఇనుప దీపాలకు మూడు తీగల వైరే అడగండి.

గుంత సంగతి, నేల సంగతి

ఎర్తింగ్‌కు వాడే జి.ఐ. పైపు సాధారణంగా 40 మి.మీ. వ్యాసం, 2.5 మీటర్ల పొడవు. ప్లేటు అయితే 60 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు. నేలలో తేమ ఉంటేనే అది పనిచేస్తుంది. ఇక్కడ మన ఊళ్ల మధ్య తేడా ఉంది.

షోలాపూర్ వైపు నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, గుంతలోని లోహాన్ని వదిలేస్తుంది. కిందికి పోతే రాయి. కోలారు, హోసూరుల వైపు గట్టి రాతినేల. 1902లోనే శివనసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు వచ్చింది. ఆ నేలలో ఎర్తుకు తేమ మాత్రం ఈనాటికీ మనమే చూసుకోవాలి. ఇలాంటి చోట్ల గుంత మూత తీసి, గరాటు గుండా ఎండాకాలమంతా నీళ్లు పోయాలి. ఒక్క పైపు చాలకపోతే రెండోది దూరంగా పాతి రెండింటినీ కలపాలి.

యానాంలో గోదావరి ఒండ్రు, తేమకు కొరత లేదు. బరంపురం, గోపాలపురం వైపూ అంతే. అక్కడి చిక్కు తుప్పు. ఉప్పుగాలికి క్లాంపు, బోల్టు తినేసి, తీగ పైకి ఉన్నట్టే కనిపిస్తూ లోపల విడిపోయి ఉంటుంది. ఏడాదికోసారి బోల్టు విప్పి, గీకి, మళ్లీ బిగించి గ్రీజు పూయించండి. తుఫాను తరువాత తప్పకుండా చూపించండి.

చేయకూడని అడ్డదారులు

ప్లగ్గులో న్యూట్రల్‌నూ ఎర్తునూ ముక్క తీగతో కలపడం. వెనకాల న్యూట్రల్ ఎక్కడ తెగినా వస్తువు ఒంటి మీదికి నేరుగా కరెంటు వస్తుంది.

కుళాయి గొట్టానికి ఎర్తు చుట్టడం. పాత ఇనుప గొట్టాన్ని మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ గొట్టంగా మార్చి ఉంటారు. అప్పుడు అది ఎర్తు కాదు, స్నానాలగదిలోకి కరెంటు మోసుకెళ్లే దారి.

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేయడం, లేదా ఇస్త్రీపెట్టెకు రెండు పిన్నుల ప్లగ్గు వేయడం. ఆ పిన్ను పొడవుగా ఉండేది ముందు ఎర్తు కలవాలి, చివర విడిపోవాలి అనే. ప్లగ్గు లోపల కూడా ఎర్తు తీగను మిగతా రెండింటికన్నా కొంచెం వదులుగా ఉంచాలి. వైరు లాగినప్పుడు అది ఆఖరున తెగాలి.

ఆర్.సి.సి.బి. మాటిమాటికీ పడుతోందని తీసేయడం. పంపకాల ఇళ్లలో రెండు వాటాల న్యూట్రళ్లు కలిసిపోయి ఉంటే అది పడుతుంది. తప్పు దానిది కాదు, వైరింగుది. న్యూట్రళ్లు విడదీయించండి.

ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు వెలిగించి "ఎర్తు బాగుంది" అనడం. 100 వాట్ల బల్బు నిరోధమే సుమారు 529 ఓములు. ఎర్తు దారి 50 ఓములున్నా బల్బు కంటికి దాదాపు అంతే వెలుగుతుంది. ఎర్తు బాగోలేని ఇంట్లో ఈ పరీక్ష చేసినంతసేపూ లోహపు వస్తువుల మీద కరెంటు నిలుస్తుంది. ఎర్తు టెస్టరుతో కొలిచి అంకె చెప్పమనండి.

డబ్బు తక్కువగా ఉంటే ఏ వరుసలో చేయించాలి

ఇల్లంతా ఒకేసారి మార్చడం అందరికీ కుదరదు. పింఛను మీద బతికే పెద్దవాళ్లు, అద్దెల మీద నెట్టుకొచ్చేవారు మనలో చాలామంది. మేము చెప్పే వరుస ఇది.

మొదట ఆర్.సి.సి.బి. పెట్టించండి. పాత రెండు తీగల వైరింగులో కూడా ఇది ప్రాణాలు కాపాడగలదు.

రెండవది, ఎర్తింగ్ గుంత చూపించి కొలిపించండి. గుంత నుంచి మెయిన్ బోర్డు దాకా తీగ తెగకుండా ఉందో లేదో చూడమనండి.

మూడవది, తడి చోట్లు: వంటిల్లు, స్నానాలగది, నీళ్ల మోటారు, గీజరు, గ్రైండరు. వీటికి మెయిన్ బోర్డు నుంచి పైపులో ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడు తీగలూ కొత్తగా వేయించండి.

నాలుగవది, గోడల మీద, కిటికీల గుండా పోయే ఫ్లెక్సిబుల్ వైర్లన్నీ. పంపకాల ఇల్లయితే విడి మీటరుకు అర్జీ పెట్టుకోవడం అందరికీ మంచిది. బిల్లు తగాదా కూడా తీరుతుంది.

ఐదవది, మిగిలిన పాత బ్యాటన్ వైరింగు, నూలు తొడుగు రబ్బరు కేబుళ్లు. వీటిని మీరు వంచి చూడకండి. వంచితే రబ్బరు పొడిలా రాలుతుంది. మెయిన్ ఆపి, మెగ్గర్ పెట్టి చూడడం ఎలక్ట్రీషియన్ పని. 500 వోల్టుల మెగ్గర్ మీద కనీసం 1 మెగాఓమ్ చూపాలి.

పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించి, టెస్ట్ రిపోర్టు తీసుకోండి. లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల విద్యుత్ తనిఖీ విభాగాల పరిధిలోది. కాగితం కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో ఉండవచ్చు. చదవడం రాదని సంతకం పెట్టేయకండి. ఎర్తు నిరోధం ఎన్ని ఓములు, ఇన్సులేషన్ ఎన్ని మెగాఓములు అన్న రెండు అంకెలు అందులో ఉన్నాయో లేదో చూడండి. అంకెలు ఏ భాషలోనైనా చదవగలం. అవి లేకపోతే రాయించుకోండి. ఆ కాగితం ఇంటి పన్ను రసీదుల పక్కన భద్రం చేయండి; తరువాత వచ్చే మనిషికి పని ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెబుతుంది.

ఎవరికైనా షాక్ కొడితే వారిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి చెక్కతో వైరును నెట్టండి. స్పృహ లేకపోతే వెంటనే 112కు ఫోను చేయండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, దానికి దారి అడ్డం లేకుండా ఉందో ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా, ఈ రోజే చూపించండి. ఆ పనికి పైసా ఖర్చు లేదు.